పునీత్ రాజ్‌కుమార్ తర్వాత మిగిలినదేమిటి?

2021 అక్టోబరు 29, శుక్రవారం. అన్న శివరాజ్‌కుమార్ నటించిన ‘భజరంగి 2’ ఆ పొద్దునే కర్ణాటకలో విడుదలైంది. మధ్యాహ్నం దాటేసరికి హాళ్లలో ఆటలు ఆపేశారు. జిమ్ చేశాక ఛాతీలో ఇబ్బందిగా ఉందని డాక్టరు దగ్గరికి వెళ్లిన కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ ఇక లేరన్న వార్త అప్పటికి బెంగళూరంతా పాకిపోయింది. వయసు 46. పోవాల్సిన వయసు కాదు, పోతారని ఎవరూ అనుకున్న మనిషీ కాదు.

తెలుగువాళ్లకు ఆయన మరీ పరాయివాడేం కాదు. హీరోగా ఆయన మొదటి సినిమా ‘అప్పు’ని 2002లో తీసింది మన పూరి జగన్నాథ్. అదే ఏడాది ఆ కథే రవితేజతో ‘ఇడియట్’గా మన దగ్గరికి వచ్చింది. ‘ఒక్కడు’ కన్నడంలోకి ‘అజయ్’గా వెళ్తే అందులో మహేశ్ బాబు చేసిన వేషం పునీత్ వేశారు. ఆయన ‘చక్రవ్యూహ’ కోసం జూనియర్ ఎన్టీఆర్ కన్నడంలో పాట పాడారు. అన్నట్టు కన్నడంలో ‘పవర్ స్టార్’ అంటే పునీతే. ఈ మాట హైదరాబాద్‌లో గట్టిగా అంటే చిన్నపాటి తగాదా అయ్యే ప్రమాదం ఉంది గానీ, అక్కడ మాత్రం అందులో రెండో మాటకు తావు లేదు.

పేరున్న నటుడు పోయిన ప్రతిసారీ మనం అనే మాటలు కొన్ని ఉన్నాయి. తీరని లోటు అంటాం, మన గుండెల్లో బతికే ఉంటారంటాం. ఇవి తప్పు మాటలు కావు. కాకపోతే వీటి చాటున అసలు ప్రశ్న మరుగునపడుతుంది. ఆ మనిషి పోయాక నిజంగా పని చేస్తూ మిగిలినదేమిటి? పునీత్ విషయంలో దీనికి జవాబు కాస్త చిక్కుముడిలా ఉంటుంది. సినిమాలు, నేత్రదానం, సేవా కార్యక్రమాలు, వాట్సాప్‌లో తిరిగిన లెక్కలు, ప్రభుత్వ బిరుదులు, అభిమానుల దుఃఖం అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. వీటిని విడదీసి చూస్తే, జనం ఎక్కువగా చెప్పుకున్న చోటొకటి, అసలు బరువున్న చోటొకటి అని తెలుస్తుంది.

రెండు కళ్లు, నలుగురు మనుషులు

పునీత్ పోయిన కొద్ది గంటల్లోనే కుటుంబం ఆయన కళ్లను దానం చేసింది. బెంగళూరులోని నారాయణ నేత్రాలయ వైద్యులు మరునాడే ఆపరేషన్లు చేశారు. అప్పటికి పునీత్ పార్థివదేహం ఇంకా కంఠీరవ స్టేడియంలోనే ఉంది, లక్షల మంది వరుస కట్టి చూసి వెళుతున్నారు. తర్వాత ఆసుపత్రి ప్రకటించిన సంగతి దేశమంతటినీ ఆశ్చర్యపరిచింది. రెండు కళ్లతో చూపు తెప్పించింది నలుగురికి.

అదెలా సాధ్యం? ‘కన్ను మార్చారు’ అని మామూలుగా అనేస్తాం గానీ, కన్ను మొత్తాన్ని తీసి మరొకరికి పెట్టి చూపు తెప్పించే వైద్యం లేదు. మార్చేది కార్నియాను. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా కప్పి ఉండే పారదర్శకమైన పొర అది. మందం మధ్యలో సుమారు అర మిల్లీమీటరు. అందులో రక్తనాళాలు ఉండవు కాబట్టి మామూలుగా బ్లడ్ గ్రూపు కలవాల్సిన పని లేదు. ఇంత పలుచటి పొరలో కూడా మళ్లీ వరసలున్నాయి. ముందు భాగం, మధ్యలో దళసరిగా ఉండేది, వెనక అంచున ఒకే ఒక్క వరస కణాలు. ఆ వెనక కణాలు రాత్రింబవళ్లు కార్నియాలోంచి నీటిని బయటికి తోడుతూ దాన్ని తేటగా ఉంచుతాయి. అవి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. కొందరికి శుక్లం ఆపరేషన్ తర్వాత నల్లగుడ్డు నీరుపట్టి తెల్లబారేది ఇందుకే.

ఒకప్పుడు సమస్య ముందు పొరలో ఉన్నా వెనక పొరలో ఉన్నా, దాత కార్నియాను పూర్తి మందంతో గుండ్రంగా కోసి రోగి కంటికి కుట్టేవారు. ఒక కార్నియా, ఒక మనిషి. ఇప్పుడు ఎవరికి ఏ పొర పాడైందో ఆ పొర మాత్రమే మార్చే పద్ధతులు వచ్చాయి. పునీత్ ఒక్కో కార్నియాను వైద్యులు ముందు భాగం, వెనక భాగంగా చీల్చారు. ముందు పొర దెబ్బతిన్న ఇద్దరికి ముందు భాగాలు, వెనక కణాలు పోయిన ఇద్దరికి వెనక భాగాలు అమర్చారు.

వెనక పొరను అతికించే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. పలుచటి ఆ పొరను చిన్న గాటు గుండా కంటి లోపలికి జార్చి, విప్పి, దాని కింద గాలి బుడగ ఒకటి ఎక్కిస్తారు. పొరను పైకి నొక్కి పట్టి ఉంచేది ఆ బుడగే. దానికి కుట్లు వేయరు. బుడగ పైకి తేలి పొరను అదిమి ఉంచాలి కాబట్టి ఆపరేషన్ అయిన మనిషి గంటల తరబడి వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ ఉండాలి. లోపల ఆ కణాలు మళ్లీ నీళ్లు తోడటం మొదలుపెడతాయి.

ఇక్కడ రెండు అపోహలు తీర్చుకోవాలి. ‘అప్పు (అభిమానులు పునీత్‌ని పిలుచుకునే పేరు) కళ్లతో వాళ్లు లోకాన్ని చూస్తున్నారు’ అన్న మాట భావానికి బాగుంటుంది గానీ, దాత చూపు ఎవరికీ వెళ్లదు. కంటి వెనక ఉండే రెటీనా, దృష్టి నరం రోగివే. అవి పాడైతే కార్నియా మార్చినా లాభం లేదు. రెండోది, ప్రతి జత కళ్లూ నలుగురికి సరిపోతాయని కాదు. దాత కార్నియా నాణ్యత బాగుండాలి, తగిన రోగులు అదే సమయానికి అందుబాటులో ఉండాలి. పునీత్ విషయంలో రెండూ కుదిరాయి.

ఇది 2021లో మొదలైన కథ కాదు

ఇంట్లో మనిషి హఠాత్తుగా పోతే మొదటి గంటల్లో ఎవరికీ ఏమీ తోచదు. బంధువులకు ఫోన్లు, ఏడుపులు, ఆసుపత్రి కాగితాలు. అటువంటి ఇంట్లో, అదీ గేటు బయట వేల మంది పోగైన వేళ, ఆరు గంటల లోపు కళ్లు సేకరించే ఏర్పాటు జరగాలంటే ఆ ఆలోచన అప్పటికప్పుడు పుట్టేది కాదు. ముందే ఉండాలి.

ఉంది. 1994లో నారాయణ నేత్రాలయలో పునీత్ తండ్రి, కన్నడ నటుడు డాక్టర్ రాజ్‌కుమార్ పేరిట ఐ బ్యాంకు పెట్టినప్పుడు, ప్రారంభించడానికి వచ్చిన రాజ్‌కుమార్ తన కుటుంబమంతా కళ్లు దానం చేస్తుందని అక్కడే మాట ఇచ్చారు. పునీత్‌కి అప్పుడు 19 ఏళ్లు. 2006 ఏప్రిల్ 12న రాజ్‌కుమార్ పోయారు, కళ్లు ఇచ్చారు. 2017లో తల్లి పార్వతమ్మ పోయారు, ఆమె కళ్లూ ఇచ్చారు. 2021లో చిన్నకొడుకు వంతు వచ్చినప్పుడు ఆ ఇంట్లో ‘ఇవ్వాలా, వద్దా’ అన్న చర్చకు చోటే లేదు. ఆ ఇంటికి అది మూడోసారి.

నా ఉద్దేశంలో పునీత్ జీవితంలోంచి నేర్చుకోవలసింది ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉంది. మంచిపని చేయాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. చేయాల్సిన క్షణం వచ్చేసరికి అది కష్టంగా ఉంటుంది. రాజ్‌కుమార్ చేసిందేమిటంటే, ఆ కష్టమైన క్షణం రాకముందే దాన్ని సులువు చేసి పెట్టారు. ఫోన్ చేయడానికి ఒక చోటు, వచ్చే మనుషులు, ఇంట్లో ఇదివరకే అయిపోయిన నిర్ణయం. తండ్రి ఆస్తి, పేరు, అభిమానులు పునీత్‌కి వచ్చిన సంగతి అందరూ చెబుతారు. ఈ ఏర్పాటు కూడా వారసత్వంగా వచ్చిందని తక్కువమంది గుర్తించారు.

అయితే ఒక ప్రశ్న. 2006లో అంత పెద్ద నటుడు కళ్లిస్తే నేత్రదానం విషయంలో జనంలో రాని కదలిక 2021లో ఎందుకొచ్చింది? కారణాలు వెతకడం కష్టమేం కాదు, కాస్త చేదుగా ఉంటుందంతే. రాజ్‌కుమార్ పోయిన రోజు, ఆ మరునాడు బెంగళూరు తగలబడింది. బస్సులు కాల్చారు, రాళ్లు రువ్వారు, పోలీసు కాల్పులు జరిగాయి, ఒక కానిస్టేబుల్‌తో సహా పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మర్నాటి పత్రికల్లో మంటలదే మొదటి పేజీ. కళ్ల సంగతి ఎక్కడో లోపల పడిపోయింది. ‘అభిమాని దేవుళ్లు’ అని ఆయన జీవితమంతా ఎవరిని పిలిచారో, ఆయన చివరి మంచిపని వినపడకుండా చేసింది వాళ్లలో కొందరే.

ఆ చేదు అనుభవం ప్రభుత్వానికి గుర్తుంది. 2021లో ముఖ్యమంత్రి బసవరాజ్ బొమ్మై ప్రభుత్వం బెంగళూరులో మద్యం అమ్మకాలు ఆపింది. స్టేడియంలో వరసలు ఏర్పాటు చేసి రాత్రీపగలూ చివరిచూపునకు అనుమతించింది. అమెరికా నుంచి కుమార్తె వచ్చేదాకా ఆగి, ఆదివారం తెల్లవారుజామున పార్థివదేహాన్ని కదిలించి, జనం పూర్తిగా పోగవకముందే కంఠీరవ స్టూడియోలో తల్లిదండ్రుల సమాధుల పక్కన అంత్యక్రియలు ముగించింది. ఊరు ప్రశాంతంగా ఉంది. కాబట్టి ఆ తర్వాత నలుగురికి చూపు వచ్చిందన్న కబురు వచ్చినప్పుడు వినే ఓపిక అందరికీ ఉంది. ఒక మంచిపని జనంలోకి వెళ్లడానికి దాని మంచితనం ఒక్కటే చాలదు. వినే వాతావరణం కూడా ఎవరో కష్టపడి ఏర్పాటు చేయాలి. ఇందులో కొంత ఘనత పోలీసులకీ, అధికారులకీ దక్కాలి. వాళ్ల పేర్లు ఎవరూ చెప్పుకోరు.

అంకెలున్నాయి, ఊళ్ల పేర్లు లేవు

ఆ వారంలోనే ఒక ఫార్వర్డ్ మన ఫోన్లన్నిటికీ వచ్చింది. పునీత్ 45 ఉచిత బడులు నడిపారని, 26 అనాథాశ్రమాలు, 16 వృద్ధాశ్రమాలు, 19 గోశాలలు, 1800 మంది పిల్లల చదువు... జాబితా ఇంకా సాగేది. తమిళ నటుడు విశాల్ ఆ 1800 మంది పిల్లల చదువు ఒక ఏడాది తాను చూసుకుంటానని సభాముఖంగా ప్రకటించడంతో అది వార్తల్లోకీ ఎక్కింది.

ఆ జాబితాను మళ్లీ ఒకసారి చదవండి. అంకెలన్నీ కచ్చితంగా ఉన్నాయి. ఒక్క బడి పేరు లేదు, ఒక్క ఊరి పేరు లేదు. నలభై అయిదు బడులు నడుస్తుంటే వాటిలో పాఠం చెప్పే టీచర్లు, చదివే పిల్లలు, వాళ్ల ఊళ్లు కనపడాలి కదా. దానధర్మం గుట్టుగా చేయొచ్చు గానీ, బడి గుట్టుగా నడపలేం.

పేరూ ఊరూ ఉన్నది మైసూరులోని శక్తిధామ. కష్టాల్లో ఉన్న ఆడవాళ్లకు, ఆడపిల్లలకు ఆశ్రయం, చదువు, పని నేర్పించే సంస్థ. రాజ్‌కుమార్ కుటుంబం తొంభైలలో దాన్ని మొదలుపెట్టడానికి చేయి వేసింది, పార్వతమ్మ దగ్గరుండి నడిపించారు. పాటలు పాడినందుకు వచ్చే డబ్బు సేవకే అన్నది రాజ్‌కుమార్ పెట్టుకున్న నియమం. పునీత్ కూడా ఆ దారిలోనే నడిచారని ఆయన్ను ఎరిగినవాళ్లు చెబుతారు. 2020లో కొవిడ్ వచ్చినప్పుడు ఆయన కర్ణాటక ముఖ్యమంత్రి సహాయనిధికి 50 లక్షల రూపాయలిచ్చారు. రాష్ట్ర పాల సమాఖ్య నందిని బ్రాండుకు పారితోషికం లేకుండా ప్రచారం చేశారు.

ఉన్నవి ఇవి. ఇవి తక్కువా? ఆ ఫార్వర్డ్‌తో పోలిస్తే తక్కువగానే కనిపిస్తాయి, అదే ఆ ఫార్వర్డ్ చేసే హాని. ప్రేమతోనే పంచుతాం. కానీ మనిషిని మరీ ఆకాశానికి ఎత్తేస్తే, ఆయన చేసిన అసలు పని చిన్నదైపోతుంది, మనం చేయగల పని ఇంకా చిన్నదైపోతుంది. ‘నలభై అయిదు బడులు పెట్టినవాడు దేవుడు, మనమెక్కడ’ అని దండం పెట్టి ఊరుకుంటాం. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ‘మనం కళ్లిద్దాం’ అని మాట తీసుకోవడానికి మాత్రం దేవుడు కానక్కర్లేదు.

పని మీద ఉన్న మనిషి

నటుడిగా ఆయన్ను విడిగా అంచనా వేయడం ఈ వ్యాసం పని కాదు. క్లుప్తంగా చెప్పాలంటే, పదేళ్ల వయసులో ‘బెట్టద హూవు’కి ఉత్తమ బాలనటుడిగా జాతీయ అవార్డు తెచ్చుకున్న పిల్లవాడు, పెద్దయ్యాక డాన్సులు, ఫైట్లు, కుటుంబ కథలతో మాస్ హీరో అయ్యారు. ఆ పిల్లవాడిలో ఉన్న నటుణ్ని పెద్దయ్యాక సినిమాలు పూర్తిగా వాడుకోలేదని నా అభిప్రాయం. ఇది అభిమానులకు రుచించకపోవచ్చు.

అయితే చివరి ఏళ్లలో ఆయన చేసిన పని వేరే దిక్కుకు వెళ్లింది. పీఆర్‌కే ప్రొడక్షన్స్ పేరిట సొంత సంస్థ పెట్టి, తాను హీరోగా లేని చిన్న సినిమాలు తీయడం మొదలుపెట్టారు. ‘కవలుదారి’ వంటి నిదానంగా సాగే నేర పరిశోధన కథకు తన పేరు దన్నుగా పెట్టారు. ఇది తేలికపాటి విషయం కాదు. స్టార్ హీరో నిర్మాతగా మారితే సాధారణంగా తన సినిమానే తీస్తాడు, లేదా తన ఇంటి కుర్రాణ్ని పరిచయం చేస్తాడు. పునీత్ సంస్థ దర్శకులకు, రచయితలకు తలుపు తీసింది.

చివరిగా చేసిన ‘గంధద గుడి’లో వేషమే లేదు. కర్ణాటక అడవుల్లో, కొండల్లో, తీరాల్లో దర్శకుడు అమోఘవర్షతో కలిసి తిరుగుతూ పునీత్ పునీత్‌గానే కనపడతారు. ఆయన పోయిన ఏడాదికి, 2022 అక్టోబరు 28న అది విడుదలైంది. అంతకుముందు మార్చి 17న, ఆయన పుట్టినరోజుకి, ‘జేమ్స్’ వచ్చింది. డబ్బింగ్ చెప్పకుండానే ఆయన పోవడంతో మొదట విడుదలైనప్పుడు అందులో వినిపించింది అన్న శివరాజ్‌కుమార్ గొంతు. 2025లో ‘అప్పు’ మళ్లీ హాళ్లలోకి వస్తే అభిమానులు కొత్త సినిమాకి వెళ్లినట్టే వెళ్లారు. సినిమాల వారసత్వం ఇలాగే సాగుతుంది, దానికి మనం పెద్దగా చేయాల్సిందేమీ లేదు.

దుఃఖం ఎటు పోయింది

పునీత్ పోయాక కొందరు అభిమానులు గుండె ఆగి పోయారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఈ విషయం గురించి రాసేటప్పుడు చాలామంది దీన్ని అభిమానానికి కొలమానంగా వాడతారు. అది అన్యాయం. అన్నలు శివరాజ్‌కుమార్, రాఘవేంద్ర అలాంటి పని చేయొద్దని, మీ ఇళ్లలో మీ కోసం చూసే వాళ్లున్నారని జనాన్ని బతిమాలుకున్నారు. తమ్ముణ్ని పోగొట్టుకున్న ఇంటివాళ్లు ఊరివాళ్లను ఓదార్చాల్సి రావడం ఎంత బరువో ఆలోచించండి. అభిమానం ఇలా తిరగబడగలదన్నది కూడా ఆ వారం చూపించిన నిజమే, దాన్ని దాచి మిగతాది పొగడకూడదు.

ఇంకొక పక్క భయం. ‘రోజూ వ్యాయామం చేసే మనిషికే ఇలా అయితే’ అని బెంగళూరులో గుండె పరీక్షలకు జనం ఎగబడ్డారు, అక్కడి జయదేవ గుండె ఆసుపత్రిలో ఓపీ కిటకిటలాడింది. జిమ్‌లే ప్రమాదమని టీవీల్లో చర్చలు నడిచాయి. ఒక్క మరణం నుంచి అలాంటి తీర్పు ఇవ్వలేం. వ్యాయామం చేసేవాళ్లకు గుండెజబ్బు ముప్పు మొత్తం మీద తక్కువ, అసలే ఉండదని మాత్రం కాదు. గుర్తుంచుకోవలసింది, ఛాతీలో పట్టేసినట్టున్నప్పుడు గ్యాస్ అని సోడా తాగి కూర్చోకుండా వెంటనే ఈసీజీ తీయించుకోవాలన్నది.

భయం నుంచి ఒక ఏర్పాటు మాత్రం పుట్టింది. కర్ణాటక ప్రభుత్వం తర్వాత ఆయన పేరిట హృదయ జ్యోతి పథకం పెట్టింది. తాలూకా ఆసుపత్రికి ఛాతీనొప్పితో వచ్చిన మనిషికి అక్కడే ఈసీజీ తీసి, పెద్దాసుపత్రి నిపుణులకు పంపి, గుండెపోటని తేలితే గడ్డను కరిగించే ఖరీదైన ఇంజెక్షన్ ఉచితంగా వేసి, ఆ తర్వాత పెద్దాసుపత్రికి తరలించడం దాని పద్ధతి. పల్లెటూరి నుంచి నగరానికి వచ్చేసరికి గుండె కండరం చాలామటుకు చచ్చిపోతుంది. ఆ దారిలో పోయే గంటలను మిగల్చడమే దీని ఉద్దేశం. పథకానికి ఎవరి పేరు పెట్టినా ఇంజెక్షన్ ఒకేలా పని చేస్తుంది, నిజమే. కానీ ఆ పేరు వినగానే ఛాతీనొప్పిని తేలిగ్గా తీసుకోకూడదన్నది గుర్తొచ్చే మనిషికి అది ప్రచార పత్రాలకంటే ఎక్కువ.

గౌరవాలూ వచ్చాయి. 2022 నవంబరు 1న విధానసౌధ మెట్ల మీద ‘కర్ణాటక రత్న’ ఇచ్చారు. రజనీకాంత్ వచ్చారు. జూనియర్ ఎన్టీఆర్ వచ్చి కన్నడంలోనే మాట్లాడారు, ఈ ముక్క మన సోషల్ మీడియాలో బాగా తిరిగింది. వాన పడింది, జనం కదల్లేదు. అదే బిరుదును మొదట అందుకున్న ఇద్దరిలో ఒకరు తండ్రి రాజ్‌కుమార్. సభ బాగా జరిగింది, అంతకుమించి దాని గురించి చెప్పడానికేం లేదు.

మాట ఇచ్చాక జరగాల్సింది

పునీత్ తర్వాత కర్ణాటకలో నేత్రదానానికి పేర్లు రాయించుకునేవాళ్లు వెల్లువెత్తారు. శిబిరాల్లో ఊళ్లకు ఊళ్లే పేర్లిచ్చిన వార్తలు వచ్చాయి. సంతోషమే. కానీ ఇక్కడొక మెలిక ఉంది. ప్రతిజ్ఞా పత్రం మీద సంతకం చేసినంత మాత్రాన కార్నియా రాదు. సంతకం చేసినవాడు ముప్పై ఏళ్ల కుర్రాడైతే అది ఏ నలభై ఏళ్ల తర్వాతో పని చేయాల్సిన కాగితం. అప్పటికి ఆ కార్డు ఏ బీరువాలో ఉంటుందో తెలియదు. పైగా మనిషి పోయాక అడగాల్సిందీ, ఒప్పుకోవాల్సిందీ ఇంటివాళ్లు. బతికుండగా ఆయన సంతకం చేసినా వాళ్లు వద్దంటే అంతటితో ఆగిపోతుంది. సంతకం లేకపోయినా వాళ్లు సరేనంటే దానం జరుగుతుంది.

మన దేశంలో ఏటా లక్ష కార్నియా మార్పిడులు అవసరమని నిపుణులు తరచూ చెప్పే లెక్క. సేకరించే కళ్లు అంతకు చాలా తక్కువ, అందులోనూ దాదాపు సగమే మార్పిడికి పనికొస్తాయి. మిగతావి నాణ్యత చాలక పరిశోధనకో శిక్షణకో వెళతాయి. ఈ లోటు సంతకాల వల్ల తీరట్లేదని గమనించే, ఐ బ్యాంకులు ఆసుపత్రుల్లోనే మనుషులను పెట్టడం మొదలుపెట్టాయి. వార్డులో ఎవరైనా పోయినప్పుడు ఆ కౌన్సెలర్ వెళ్లి, ఏడుస్తున్న వాళ్ల పక్కన కూర్చుని, సమయం చూసి మెల్లగా అడుగుతారు. చాలామంది వద్దంటారు, కొందరు కోప్పడతారు. ఒప్పుకున్న కొద్దిమంది వల్లే పనికొచ్చే కార్నియాల్లో పెద్ద భాగం వస్తోంది.

ఈ పద్ధతిని మన దేశంలో గట్టిగా నడిపిన చోట్లలో హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఒకటి. అక్కడి రామాయమ్మ ఐ బ్యాంకు 1989 నుంచి పని చేస్తోంది. ఆ సంస్థ చేసిన కార్నియా మార్పిడులు 50 వేలు దాటాయి. ‘ఎల్వీ ప్రసాద్‌కి వెళ్లొచ్చాం’ అని రోజూ వందల కుటుంబాలు అంటాయి. ఆ మాటలో ప్రసాద్ అంటే భవనం, ఓపీ చీటీ, చుక్కల మందు. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టి, తొలి తెలుగు టాకీలో నటించి, ‘మనదేశం’లో ఎన్టీఆర్‌ని మొదటిసారి తెర మీదకు తెచ్చిన సినిమా మనిషి అక్కినేని లక్ష్మీవరప్రసాద్ రావు అని, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు కల గన్న ఆసుపత్రికి ఆయన అయిదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చారని ఎంతమందికి తెలుసు? తెలియకపోవడం ఆయనకు అవమానమని నేననుకోను. పేరు మనిషిని దాటిపోయి పనికి అంటుకుపోయింది. రాజ్‌కుమార్ పేరు బెంగళూరు ఐ బ్యాంకు విషయంలో ఆ దారిలోనే ఉంది, పునీత్ పేరు తాలూకా ఆసుపత్రుల్లోకి ఇప్పుడిప్పుడే వెళుతోంది.

కాబట్టి పేరు రాయించుకున్నవాళ్లు, రాయించుకోనివాళ్లు కూడా తెలుసుకోవలసింది ఇంట్లో ఆ గంటల్లో చేయాల్సిన పని. కళ్లద్దాలు వాడినా, షుగరు ఉన్నా, శుక్లం ఆపరేషన్ అయినా కళ్లివ్వొచ్చు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, రేబిస్, రక్తంలో ఇన్‌ఫెక్షన్ పాకి పోయినవారు, బ్లడ్ క్యాన్సర్ ఉన్నవారివి మాత్రం తీసుకోరు. మనిషి పోగానే రెప్పలు మూసి, వాటి మీద తడి దూది పెట్టాలి. తల కింద దిండు వేసి కాస్త ఎత్తుగా ఉంచాలి. పైన తిరిగే ఫ్యాన్ కట్టేయాలి, ఎందుకంటే గాలికి కార్నియా ఎండిపోతుంది. ఏసీ ఉంటే వేసి ఉంచొచ్చు. ఆరు గంటల లోపు దగ్గర్లోని ఐ బ్యాంకుకు కబురు అందాలి. వాళ్లే ఇంటికి వస్తారు, కుటుంబంలో ఒకరి సంతకం తీసుకుంటారు, కొంచెం రక్తం పరీక్షకు తీస్తారు. పావుగంట, ఇరవై నిమిషాల్లో పని అయిపోతుంది. చాలా చోట్ల ఇప్పుడు కార్నియా వరకే తీస్తున్నారు, ముఖం ఎప్పటిలాగే ఉంటుంది, చూడవచ్చిన బంధువులకు తేడా తెలియదు, అంత్యక్రియలు ఆలస్యం కావు. డబ్బు ఒక్క పైసా అడగరు, ఇవ్వరు.